రెండు బోర్డులు

నాకు కోపం ఎక్కువని మా వీధిలో అనుకుంటారు. అందులో నిజం లేదు. నాకు రావలసినంత కోపమే వస్తుంది, కాకపోతే రావలసిన సందర్భాలే రోజుకి పది దాకా ఉంటాయి. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా మీద నాకే కోపం వచ్చిన రోజు సంగతి.

యానాం నుంచి కనకాలపేట వెళ్లే రోడ్డు మీద నాదొక కర్రీ పాయింటు ఉంది. జనం ఇంటి దగ్గర అన్నం ఒక్కటి వండుకుని, కూర నా దగ్గర కవర్లో కట్టించుకుని వెళతారు. పదకొండింటికి తెరుస్తాను, రెండింటికల్లా గిన్నెలు ఖాళీ, మళ్లీ రాత్రి బేరానికి వండుతాను. గుత్తొంకాయ, గోంగూర రొయ్యలు, చేపల పులుసు, పప్పుచారు. ఫోన్ చేసి చెబితే ఒక కవరు పక్కన పెట్టి ఉంచుతాను.

నాకు మనుషుల పేర్లు గుర్తుండవు. అందుకని ఫోన్లో అందరినీ కూరల పేరుతోనే దాచుకుంటాను. గుడ్డు మాస్టారు, గోంగూర ఆంటీ, ఉప్పు తక్కువ బ్యాంకు, ఇలాగ. ఫోన్ చేసి, ఏం కావాలో చెప్పకుండా నసిగేవాళ్లు కొందరుంటారు. వాళ్లని 'రాంగ్ 1', 'రాంగ్ 2' అని దాచేస్తాను. మళ్లీ ఆ పేరు మోగితే ఎత్తను. ఈ పద్ధతి నేనే కనిపెట్టాను, పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా.

కిందటేడు కొత్త బోర్డు రాయించిన దగ్గర్నుంచి నాకొక బెంగ పట్టుకుంది. పాత బేరాలు వస్తున్నాయి గానీ కొత్తవాళ్ల ఫోన్లు బొత్తిగా రావడంలేదు. ఎదురు సందులో కర్రీ పాయింటు పెట్టిన భవాని ఏదో చేసిందని నా అనుమానం. ఏం చేసిందో తెలీదు. అయినా ఏడాదిగా ఆవిడతో మాట్లాడ్డం మానేశాను.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున్న పదింటికి రొయ్యలకి ఉప్పూ పసుపూ పట్టిస్తుంటే ఫోన్ మోగింది. నా రెండు చేతులూ రొయ్యల్లో ఉన్నాయి. మా ఆయన అమ్మిరాజు, ఆటో తుడుచుకుంటున్నవాడు వచ్చి, ఎవరో ఏమిటో చూడకుండా ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు. ఆయన తెర మీది పేరు చూసి ఉంటే ఇప్పుడు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

"మేడమ్, కంప్లెయింట్ ఇవ్వాలండి," అంది ఒక ఆడపిల్ల గొంతు, చాలా మెల్లిగా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం కంప్లెయింటమ్మా? పద్దెనిమిదేళ్ల నుంచి వండుతున్నాను. ఏ కూర పట్టుకెళ్లావు, ఎప్పుడు పట్టుకెళ్లావు, ముందు అది చెప్పు."

అవతలినుంచి ఏడుపు వినపడింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినపడకూడదని ఏడ్చే ఏడుపు. పప్పుచారులో ఉప్పెక్కువైందని ఎవరూ అలా ఏడవరు.

"ఏమ్మా, ఏమైంది?" అన్నాను.

"ఇది కమిటీ నంబరు కాదాండి? మా క్యాంపస్‌లో బోర్డు మీద ఉందండి. ఆడపిల్లలకి ఏమైనా జరిగితే చెయ్యమని."

"ఇది కర్రీ పాయింటమ్మా."

"సారీ అండి. ఇది మూడోసారండి చెయ్యడం. మొదటిసారి మీరే ఎత్తారనుకుంటానండి. రెండోసారి ఎవరూ ఎత్తలేదు. ఇంక చెయ్యనండి."

అమ్మిరాజు ఫోన్ తెర చూసి నా వైపు తిప్పాడు. 'రాంగ్ 4' అని ఉంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. జులైలో, గోదారికి ఎర్రనీరు వచ్చాక, ఆ ఏటి మొదటి పులస నా గిన్నెలో పడిన రోజు. ఎవరో పెద్దాయన చేప తెచ్చిచ్చి పులుసు పెట్టమన్నాడు. పులస ఖరీదెంతో యానాంలో ఎవరికీ చెప్పక్కర్లేదు, అది అడుగంటిందంటే ఊళ్లో మొహం చూపించలేను. సరిగ్గా అప్పుడే ఫోన్. "మేడమ్, ఒక విషయం చెప్పాలండి, ఎలా చెప్పాలో తెలీట్లేదండి," అంది. "తెలిసాక చెయ్యి తల్లీ, ఇక్కడ పులస మాడిపోతంది," అని పెట్టేశాను. పెట్టేసి, రాంగ్ 4 అని దాచుకున్నాను. ఆ రోజు పులుసు అద్భుతంగా కుదిరిందని సాయంత్రం దాకా సంతోషపడ్డాను. ఆ సంతోషం గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

"పెట్టెయ్యకమ్మా," అన్నాను. "ఆ బోర్డు సంగతి తర్వాత చూద్దాం. నువ్వెక్కడున్నావు? నేను రానా, నువ్వొత్తావా?"

"నేనే వస్తానండి," అంది.

వచ్చింది. నేనిక్కడ ఆ పిల్లని దుర్గాశ్రీ అంటాను. అసలు పేరు అది కాదు. ఆ పిల్ల పేరూ తప్పు చేసినవాడి పేరూ బయట చెప్పనని కమిటీవాళ్లు నా చేత సంతకం పెట్టించుకున్నారు, పెట్టిన సంతకం నేను దాటను. దగ్గర్లోని అగ్రహారం ఊరి పిల్ల. కిందటేడు మా ఊరి చివర ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు క్యాంపస్ తెరిచారు, అక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, సంచీ గుండెకి అదిమి పట్టుకుని నిలబడింది. ముందు అన్నం పెట్టాను. మొహమాటపడి నాలుగు ముద్దలు తింది. గుత్తొంకాయ బాగుందని కూడా అంది పాపం, నేనేదో కంప్లెయింటు గురించి అరిచాను కదా.

అప్పుడు చెప్పింది. జులై మొదటి వారంలో ప్రాజెక్టు చూసే సారు కాగితాలు తీసుకుని ల్యాబ్‌కి రమ్మన్నాడట. లోపలికి వెళ్లాక తలుపు గడియ పెట్టాడు. ఆ పిల్ల వద్దని ఎన్నిసార్లు అందో, అతను వినకుండా ఎక్కడ చేతులు వేశాడో చెప్పింది. అది నేను రాయను. బల్ల మీదున్న గాజు సామానంతా చేత్తో కిందికి తోసేసిందట. ఆ చప్పుడుకి అతను బెదిరి వెనక్కి తగ్గితే గడియ తీసుకుని పరిగెత్తింది. అప్పట్నుంచీ మూడు నెలలుగా అతని క్లాసులోనే కూర్చుంటోంది. వచ్చే సోమవారం ప్రాజెక్టు వైవా. ప్రశ్నలు అడిగేది అతనే, మార్కులు వేసేదీ అతనే.

"ఆయన ముందు నిలబడితే నాకు నోరు పెగలదాంటీ. వైవా పోతే ఈ ఏడాది పోయినట్టే. ఇంట్లో తెలిస్తే మా అమ్మ చదువు మానిపించేస్తుంది," అంది. సంచీలోంచి ఒక కాగితం తీసింది. జులైలోనే రాసుకుందట. మడిచీ విప్పీ మడతల దగ్గర చిరిగిపోయింది. "దీన్ని ఎవరో ఒకరు తీసుకోవాలండి. తీసుకుని, సోమవారానికి ఇంకొకర్ని పెట్టాలి. నాకంతే కావాలి."

ఒక్కదానివీ ల్యాబ్‌కి ఎందుకెళ్లావు అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మా అమ్మయితే అనేది. నేనూ ఇంతకుముందు ఎవరినో ఒకరిని అనే ఉంటాను. ఆ పిల్ల నా నోటివంకే చూస్తోంది, ఆ మాట ఎప్పుడు పడుతుందా అని. మింగేశాను.

"తప్పు నీది కాదమ్మా," అన్నాను. ఇంత చిన్న మాట అనడానికి నేనంత కష్టపడటం అదే మొదలు.

దుర్గాశ్రీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. అమ్మిరాజు బయటికెళ్లి ఆటో స్టార్ట్ చేశాడు.

రొయ్యల గిన్నె ఫ్రిజ్జులో తోసి, మా పెళ్లిరోజుకి కూడా మూయని కొట్టు మూశాను. షట్టరు సగం దించేసరికి గుడ్డు మాస్టారు క్యారేజీ పట్టుకుని వచ్చారు.

"అదేంటమ్మా, ఈ పూట గుడ్డు లేదా?"

"ఇంట్లో ఉడకబెట్టుకోండి మాస్టారూ, చాలా తేలిక," అన్నాను.

క్యాంపస్‌లో ఆ బోర్డు మెట్ల కింద, మంచినీళ్ల మెషీను పక్కన ఉంది. ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు. అంతర్గత ఫిర్యాదుల కమిటీ, అధ్యక్షురాలు డాక్టర్ విజయలక్ష్మి, కింద ఫోన్ నంబరు. ఆ నంబరు అక్షరాలా నాది. 'క' కి వంకర తోక చూడగానే రాసినవాణ్ణి కూడా గుర్తుపట్టాను. యానాంలో అలా రాసేది పెయింటరు పాపారావు ఒక్కడే. కిందటేడు నా కొట్టు బోర్డు రాసిందీ వాడే. వాడి పని తర్వాత చూద్దామనుకుని ఆ మేడమ్ గదికి వెళ్లాం.

విజయలక్ష్మి మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. మమ్మల్ని కూర్చోబెట్టింది. నేను కూర్చోలేదు.

"మీ కమిటీ ఫోన్లన్నీ ఏడాదిగా నాకొత్తన్నాయండి," అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. "మాకు ఒక్క ఫోనూ రాలేదండి. ఒక్క ఫిర్యాదూ లేని క్యాంపస్ అని మా డైరెక్టరు గారు ఆగస్టు పదిహేనున స్టేజీ మీద చెప్పారు కూడా," అంది. ఆ మాట అంటూ దుర్గాశ్రీ మొహం చూసి ఆగిపోయింది.

అంతలో ఆవిడ ఫోన్ మోగింది. ఎత్తి, విని, నిట్టూర్చింది. "గోంగూర రొయ్యలు ఇక్కడ దొరకవండి, రాంగ్ నంబర్," అని పెట్టేసింది. మా వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి, ఏడాదిగా ఇదే గోల. పన్నెండయ్యేసరికి ఎవరో ఒకరు గుత్తొంకాయ ఉందా అంటారు," అంది.

గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మిరాజు గొంతు సవరించుకున్నాడు.

"తెరేసా, మన బోర్డు మీద నంబరు నువ్వెప్పుడైనా చూశావా?"

నేనెందుకు చూస్తాను. బోర్డు కొట్టు బయట ఉంటుంది, నేను కొట్టు లోపల ఉంటాను. భవాని మొహం కళ్లముందు మెదిలింది. ఏడాదిగా పలకరిస్తుంటే తల తిప్పుకుని పోయాను.

ఫోన్ మళ్లీ మోగింది. ఇందాకటి మనిషే, నమ్మినట్టు లేడు. మేడమ్ ఫోన్ నా చేతికిచ్చింది. "గోంగూర రొయ్యలు రెండా? ఈ పూట సెలవండి. రేపు పదకొండింటికి వచ్చెయ్యండి, కారం మీరు చెప్పినట్టే," అన్నాను. దుర్గాశ్రీకి నవ్వొచ్చింది. ఆపుకోలేక చేత్తో నోరు మూసుకుని నవ్వింది. మేడమూ నవ్వింది, తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"మీకు రావలసినవి నేను పెట్టేశాను, నాకు రావలసినవి మీరు పెట్టేశారు," అంది.

అది న్యాయమైన లెక్క కాదని నాకప్పుడే అనిపించింది. ఆవిడ ఫోన్ పెట్టేసినవాళ్లు ఆ పూట పచ్చడేసుకుని తిని ఉంటారు. నేను పెట్టేసినవాళ్లు ఏం చేశారో నాకు తెలీదు.

మేడమ్ ఆ చిరిగిన కాగితాన్ని జాగ్రత్తగా విప్పి మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివాక ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "చెప్పినందుకు థ్యాంక్స్ అమ్మా. ఇది నేను తీసుకుంటున్నాను," అంది. విచారణలో తోడుగా ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోవచ్చని చెప్పింది. పోలీసులకి చెప్పాలా వద్దా అన్నది దుర్గాశ్రీ ఇష్టమని, వెళతానంటే తను వెంట వస్తానని చెప్పింది. ముద్ర వేసి, తేదీ వేసి, నకలు ఇవ్వడానికి స్టాంపు ప్యాడు తెరిచింది.

అప్పుడొచ్చారు డైరెక్టరు ఉమామహేశ్వరం గారు. ఎవరో చెప్పినట్టున్నారు. చెడ్డవాడని నేననను గానీ, ఫైలు పేరు చెబితే వణికే మనిషి. కాగితం చూసి తేదీ దగ్గర వేలు పెట్టారు.

"జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు ఇవ్వాలమ్మా. ఇప్పటికి తొమ్మిది రోజులు దాటింది. రూలు. నేనేం చెయ్యను?"

దుర్గాశ్రీ చెయ్యి జాపి ఆ కాగితాన్ని వెనక్కి తీసుకోబోయింది. మళ్లీ మడవడానికే.

"మూడు నెలల్లో రెండుసార్లు ఫోన్ చేసిందండి," అన్నాను. "మీ బోర్డు మీద నంబరుకే చేసింది."

దుర్గాశ్రీ తన ఫోన్లో ఉన్న ఫోటో చూపించింది. చేసిన రోజే ఎందుకైనా మంచిదని కాల్ లిస్టు ఫోటో తీసి దాచుకుందట. జులై తేదీ, నా నంబరు, నలభై సెకన్లు.

డైరెక్టరు గారు అటూ ఇటూ చూశారు. "కానీ ఇది కర్రీ పాయింట్ నంబరు కదా. కూర కోసం చేసిందేమో అని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి? రుజువేది?"

నాకు అప్పుడొచ్చిన కోపం చాలా మంచి కోపం. నా ఫోన్ తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

"కూర కోసం చేసినవాళ్లని నేనేమని దాచుకుంటానో చూడండి. గుడ్డు మాస్టారు. గోంగూర ఆంటీ. ఉప్పు తక్కువ బ్యాంకు. ఇదిగో, తోక వద్దు సారు." ఆ పేరు నొక్కాను.

డైరెక్టరు గారి జేబు మోగింది.

ఇందాక ఆయన గదిలోకి వచ్చి మాట్లాడగానే గొంతు గుర్తుపట్టాను. ప్రతి ఆదివారం ఫోన్ చేసి చేపల పులుసులో తోక ముక్క వద్దంటారు, డ్రైవరొచ్చి పట్టుకెళతాడు. ఆ డ్రైవరు మా పాత బేరం, బోర్డు మారకముందే నా నంబరు అతని దగ్గర ఉంది, ఈయనకీ అతనే ఇచ్చి ఉంటాడు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకుని, నా వైపు చూసి, కట్ చేశారు.

"ఇప్పుడు ఈ పిల్ల నంబరు చూడండి," అన్నాను. "రాంగ్ 4. కూర అడిగిన ఫోన్ నా జన్మలో నేను పెట్టెయ్యలేదండి. తోక వద్దన్నవాళ్లది కూడా పెట్టెయ్యలేదు. రాంగ్ అని రాసుకున్నానంటే ఆ పిల్ల కూర కోసం చెయ్యలేదనే. ఆ రోజు ఎలా చెప్పాలో తెలీట్లేదంది. నేను పులస మాడిపోతందన్నాను. మొదటి పులస ఏ రోజు పడిందో యానాంలో ఎవర్నడిగినా చెబుతారు. తప్పు నాది, పాపారావుది, నంబరు చూసుకోకుండా బోర్డు తగిలించిన మీది. ఆ పిల్లది కాదు."

ఆయన కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగారు.

"సార్, సరైన కారణం ఉంటే గడువు ఇంకో మూడు నెలలు పెంచే అధికారం కమిటీకి ఉంది," అంది విజయలక్ష్మి మేడమ్. అంత మెత్తటి మనిషి గొంతు అప్పుడు మాత్రం గట్టిగా ఉంది. "కారణం రాసి ఇస్తే చాలు. కారణం ఇదిగో, నా ఎదురుగా నిలబడి ఉంది."

కారణం నేనే. కాగితం తీసుకుని, నా చేత్తో, నేను చేసిన పని రాశాను. ఇద్దరు పిల్లల్ని కన్న తర్వాత నాకంత చెమట పట్టింది అప్పుడే. సంతకం పెట్టాక మేడమ్ కమిటీలో మిగతావాళ్లకి ఫోన్లు చేసింది. సాయంత్రానికి గడువు పెంచినట్టు రాశారు. సోమవారం వైవాకి వేరే డిపార్టుమెంటు నుంచి ఇద్దర్ని పెట్టమనీ, విచారణ అయ్యేదాకా అతన్ని క్యాంపస్‌లోకి రానివ్వొద్దనీ రాసి పంపితే డైరెక్టరు గారు సంతకం పెట్టారు. పెట్టి, వెళ్లేముందు దుర్గాశ్రీ దగ్గర ఆగారు. "నేనలా అనకుండా ఉండాల్సిందమ్మా," అన్నారు. అందుకని ఆదివారం ఆయన పులుసులో తోక వెయ్యలేదు. వేద్దామనే అనుకున్నాను ముందు.

దుర్గాశ్రీ నకలు కాగితం మడవలేదు. ఆటోలో అగ్రహారం దాకా రెండు చేతులతో తిన్నగా పట్టుకునే కూర్చుంది.

ఆ రాత్రి వాళ్లమ్మకి చెప్పిందట. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా కొట్టుకొచ్చింది. చదువు మానిపిస్తుందేమో, బతిమాలుకోవాలని నేను మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ చీర కొంగు దోపుకుని నన్ను తిట్టడం మొదలెట్టింది.

"నా పిల్ల ఏడ్చుకుంటా ఫోన్ చేత్తే పులస మాడిపోతందంటావా? నీకు పులస ఎక్కువా, నా కూతురెక్కువా?"

వీధిలోవాళ్లందరూ బయటికొచ్చారు, నేనేం సమాధానం చెబుతానో చూద్దామని. నేను తల వంచుకుని మొత్తం పడ్డాను. మా వీధి చరిత్రలో అది మొదటిసారి. తిట్టడం అయిపోయాక ఆవిడ బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. వెళ్లేటప్పుడు, "సోమవారం దాన్ని క్యాంపస్‌కి మీ ఆయన ఆటోలో దింపుతాడా?" అని అడిగింది. ఆ తర్వాత వారం తల్లీ కూతుళ్లిద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లారు, మేడమూ నేనూ వెంట వెళ్లాం. ఆ కేసు ఇంకా నడుస్తోంది.

వైవా ఉన్న సోమవారం నా కూరలన్నీ పాడైపోయాయి. పప్పుచారులో ఉప్పు రెండుసార్లు వేశాను, వంకాయలో మరిచేపోయాను. ఉప్పు తక్కువ బ్యాంకు ఒక్కడే బాగుందన్నాడు. ఒంటిగంటన్నరకి అమ్మిరాజు ఆటో వచ్చి ఆగింది. దుర్గాశ్రీ దిగింది. మొహం చూస్తేనే తెలిసింది గానీ ఆ పిల్ల నోటివెంట వినాలని ఆగాను.

"గంట సేపు అడిగారాంటీ," అంది. "అన్నీ చెప్పాను. ఒక ప్రశ్నలో అడిగిన మేడమే పొరబడితే అది కూడా చెప్పాను."

నేను గరిటె కింద పెట్టి ఆ పిల్లని దగ్గరికి తీసుకున్నాను. డిసెంబరుకి విచారణ పూర్తయింది. బయటినుంచి ఒక లాయరమ్మ కూడా కమిటీలో కూర్చుంది, నన్నూ పిలిచి అడిగారు. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

ఇక పాపారావు సంగతి. రెండు బోర్డులూ ఒకే వారంలో ఒప్పుకున్నాడట. రెండు నంబర్లూ ఒకే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాడు, ఏది ఎవరిదో మాత్రం రాసుకోలేదు. "రెండూ ఆడోళ్లవే కదక్కా, గుర్తుంటాదిలే అనుకున్నాను," అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయడానికి బాగుండదు. రెండు బోర్డులూ డబ్బు తీసుకోకుండా మళ్లీ రాశాడు. ఇప్పుడు వాడు యానాంలో ఏ బోర్డు రాసినా, రంగు ఆరకముందే ఆ నంబరుకి ఫోన్ చేసి, ఎవరెత్తారో విని గానీ నిచ్చెన దిగడు. భవానికి నేనే వెళ్లి చెప్పాను. ఆవిడ ఏడాదిపాటు నేనెందుకు మాట్లాడలేదో తెలుసుకుని, నవ్వి నవ్వి, తన కొట్లో కాకరకాయ వేపుడు కట్టిచ్చింది. బాగానే ఉంది, నా అంత కాదు.

దుర్గాశ్రీ ఇప్పుడు నా ఫోన్లో రాంగ్ 4 కాదు. కూర పేరు లేకుండా మామూలు పేరుతో దాచుకున్నది ఆ ఒక్క నంబరే.

కానీ ఒకటీ రెండూ మూడూ, అయిదూ ఆరూ అలాగే ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు. విచారణ అయిపోయిన వారంలో ఒక రోజు రెండున్నరకి కొట్టు మూసి, రాత్రి బేరానికి పప్పు పొయ్యి మీద పెట్టి బెంచీ మీద కూర్చున్నాను. విజయలక్ష్మి మేడమ్ అసలు నంబరు చీటీ మీద రాసి పట్టుకుని దుర్గాశ్రీ నా పక్కన కూర్చుంది. రాంగ్ 2 లోన్ కావాలా అని అడిగే మనిషి. రాంగ్ 5 నంబరు ఇప్పుడు పనిచెయ్యడంలేదట. రాంగ్ 3, రాంగ్ 6 ఎత్తలేదు. నేను వాళ్ల ఫోన్ ఎత్తలేదు కదా, ఏమనడానికీ నాకు నోరులేదు. మళ్లీ చేస్తాను.

రాంగ్ 1 ఎత్తింది. ఆడపిల్ల గొంతు. "ఎవరండి?"

"అమ్మా, కిందటేడు నువ్వు ఈ నంబరుకి ఒకసారి ఫోన్ చేశావు. నువ్వు చెప్పేది వినకుండా నేను పెట్టేశాను. తప్పు నాది," అన్నాను. "నీకు చెప్పాలనిపిస్తేనే చెప్పు. ఈసారి వింటాను."

దుర్గాశ్రీ నా చెయ్యి పట్టుకుంది. పొయ్యి మీద పప్పు పొంగి కారుతోంది, అడుగంటుతున్న వాసన కూడా వచ్చింది. నేను లేవలేదు. అమ్మిరాజు లేచి వెళ్లి మంట ఆర్పేశాడు.

"మీరు పనిలో ఉన్నారేమోనండి," అంది ఆ పిల్ల.

"పనేం లేదమ్మా," అన్నాను. "చెప్పు."